ఈ వారం సమస్య: తెగిన కడియ మొకటె దిక్కు మాకు

నిర్వాహకుడు: నిన్న మా అబ్బాయి డాబా మీద రాగి గొట్టాన్ని గుండ్రంగా వంచి, కొసలు కలపకుండా వదిలేశాడు. "తెగిన కడియంలా ఇదేంట్రా?" అంటే "అదే దిక్కు నాన్నా" అన్నాడు. సమస్య దొరికేసింది. కానివ్వండి.

పెదవాల్తేరు మాస్టారు:
ఆ.వె.
వాన లేక పైరు వాడిపోయె నకట
అప్పు లిచ్చు వార లడుగుచుంద్రు
కుదువఁ బెట్ట నింట గుండిగయును లేదు
తెగిన కడియ మొకటె దిక్కు మాకు

సీతమ్మధార అక్కయ్య: గుండిగ కూడా లేదనడం బాగుంది. కడియం బంగారం కొట్ల కురుపాం మార్కెట్‌కు వెళ్తోందన్నమాట. కానీ మాస్టారి పూరణలో అప్పులవాళ్లు రాని వారం ఉందా? పెదవాల్తేరులో పైరెక్కడ వాడిందో కూడా చెప్పాలి.

గాజువాక తమ్ముడు: అది టెస్లా కాయిల్‌కి, అంటే చిన్న పిడుగులు పుట్టించే కరెంటు చుట్టకి, పెట్టే కడియం కదూ? నా డాబా మీదా ఉంది.
ఆ.వె.
చుట్ట మీఁది పిడుగు చుఱ్ఱున దిగినంతఁ
క్రింది చుట్టఁ దాఁకఁ గాలుఁ బెట్టె
రాగి గొట్ట మొకటి రక్షగా భువి నంటు
తెగిన కడియ మొకటె దిక్కు మాకు

మాస్టారు: "క్రిం"కి "గా"తో యతా నాయనా? హల్లు కుదిరితే చాలా, అచ్చు అక్కర్లేదా? దీపావళి పద్యంలోనూ ఇదే పని చేశావు. పైగా చుట్ట మీద పిడుగేమిటి! మా మామ్మ అడ్డపొగ చుట్ట గుర్తొచ్చింది. కడియం విరుగుతుంది గాని తెగుతుందా?

తమ్ముడు: యతి తప్పు నాదే. "గాలుఁ బెట్టె" తీసి "గీడు గాదె" అని దిద్దుకోండి. దీపావళికి తప్పింది గణం మాస్టారూ, యతి కాదు. గుర్తుపెట్టుకుంటే సరిగ్గా పెట్టుకోండి.
ఇక కడియం. మూడు సూతుల ఏసీ పైపును హెక్సా బ్లేడుతో కోశాక తెగిందనక ఏమంటారు? తెగకపోతేనే చిక్కు. కొసలు కలిస్తే అదే షార్టయిన చుట్టు. ప్రైమరీ (కింది చుట్ట) శక్తి అందులో తిరిగి వేడై పోతుంది. అందుకే అంగుళం ఖాళీ వదిలి, ఒక్కచోట ఎర్త్ చేస్తాం. ఈ కడియాన్నే స్ట్రైక్ రైల్ అంటారు. పైనుండే గారె ఆకారపు లోహపు టోపీ (టోరాయిడ్) నుంచి దారితప్పిన ఆర్క్, అంటే ఆ పిడుగు, ప్రైమరీకి బదులు దీని మీద వాలి నేలకు పోతుంది. ఇది పెట్టకముందు ఒక్క ఆర్క్ నా కాయిల్ ప్రైమరీకి తగిలింది. కెపాసిటర్ టప్పుమంది, కాయిల్‌కి కరెంటిచ్చే నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ రాత్రే మూగబోయింది. డాబా అంతా కాలిన తారు వాసన.

అక్కయ్య: ఇంటి ఎర్తింగ్‌కే తగిలిస్తే పోదా?

తమ్ముడు: వద్దక్కా, వైరింగ్‌లోకి ఎగబాకి టీవీ, రూటర్ పోతాయి. నాది జామచెట్టు పాదులో వేరే కడ్డీ. రోజూ బకెట్టు నీళ్లు పోస్తాను.

మాస్టారు: అయితే ఎర్తింగ్‌ని "భువి నంటు"లో దాచావన్నమాట. ఆ ఒక్క మాటకి చుట్ట క్షమించాను.

నిర్వాహకుడు: మా వాణ్ణి ఎర్త్ ఎక్కడ కలిపావని ఇప్పుడే అడిగాను. బాత్రూం కుళాయి పైపుకట.

తమ్ముడు: ముందది పీకించండి బాబూ! బహుమతి సంగతి రేపు చూసుకోవచ్చు.