నీళ్లు తగిలితే చాలు దద్దుర్లు, ఎవరికైనా తెలుసా?

ఉప్పల్ అమ్మ: మా అమ్మాయికి స్నానం చేసి వస్తే చాలు మెడ, ఛాతీ, చేతులు ఎర్రగా దద్దుర్లు. సబ్బు మార్చాం, షాంపూ మానేశాం, లాభం లేదు. పొద్దుటి నుంచి ఫోన్‌లో వెతికి వెతికి తల బద్దలవుతోంది. రేపు దానికి ప్రాక్టికల్స్, అదేమో స్నానమే చేయనంటూ మొండికేసింది. ఏం చేయాలి?

బోరు బాబాయ్: బోరు నీళ్లా, మంజీరా నీళ్లా? ముందు టీడీఎస్, అదే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించండమ్మా. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్లు మొదలైనప్పటి నుంచి గీజర్ కాయిల్‌కి తెల్లగా పెచ్చు కట్టింది, షవర్ చిల్లులు మూసుకుపోయాయి, ఇక జుట్టు సంగతి అడగొద్దు. నీళ్ల కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించండి.

డెర్మా పీజీ: వయసు? వేడినీళ్లా, చన్నీళ్లా? ఎంతసేపు ఉంటాయి?

ఉప్పల్ అమ్మ: 17. ఏ నీళ్లయినా అంతే, మొన్న వానలో తడిసినా వచ్చాయి. ముప్పావుగంటలో వాటంతటవే పోతాయి. సన్నగా ఆవగింజల్లా ఉంటాయి, అరచేతులకి మాత్రం రావు.

డెర్మా పీజీ: ఇది మొదట్లోనే చెప్పాల్సింది. వానకీ వచ్చాయంటే బోరు గొడవ కాదు. ఆక్వాజెనిక్ అర్టికేరియా, అంటే ఏ నీళ్లు తగిలినా వచ్చే దద్దుర్లు కావచ్చు, 1964లో మొదట గుర్తించారు, చాలా అరుదు, ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతుంది. కానీ చలికి, చెమటకి వచ్చే దద్దుర్లు ఇంతకంటే ఎక్కువమందిలో కనిపిస్తాయి, ముందు అవి కాదని తేలాలి. దీనికి పరీక్షంటే, 35 డిగ్రీల నీళ్లలో తడిపిన గుడ్డ ఒంటిమీద 20, 30 నిమిషాలు ఉంచి చూస్తారు. ఎలర్జీ మాత్ర వేసుకుని వెళ్తే ఏమీ తేలదు, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి.

మల్కాజిగిరి: నాకూ స్నానం కాగానే ఒళ్లంతా దురద. ఇదేనా?

డెర్మా పీజీ: దద్దుర్లు లేకుండా దురదేనా? అయితే వేరు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, కొందరిలో ఎర్ర రక్తకణాలు ఎక్కువైనా అలా ఉంటుంది.

మల్కాజిగిరి: దురద, దద్దుర్లు రెండూ ఒకటే కదండీ, గోకితే వస్తాయిగా.

డెర్మా పీజీ: కాదు.

ఉప్పల్ అమ్మ: మందుందా లేదా అది చెప్పండి బాబూ!

డెర్మా పీజీ: ఉంది. సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు రాస్తారు, స్నానానికి ముందు వాజలీన్ రాసుకున్నా కొందరికి తగ్గుతుంది. ఆయాసం, గొంతు బిగుసుకోవడం ఉంటే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి.

ఉప్పల్ అమ్మ: అవేం లేవు. సోమవారం అపాయింట్‌మెంట్ దొరికింది. థాంక్స్ అండీ.

బోరు బాబాయ్: ఏదైనా టీడీఎస్ ఒకసారి చూపించండి.

మల్కాజిగిరి: బాబాయ్ గారూ, సాఫ్ట్‌నర్ ఎంత పడింది?