అప్‌డేట్: షుగర్ అని తేలాక ఇప్పుడెలా ఉందంటే

టైప్ 2 షుగర్ అని కొత్తగా తేలిందనీ, రాత్రి తక్కువ తిన్నా పొద్దున రీడింగ్ ఎక్కువే వస్తోందనీ, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోందనీ అప్పట్లో అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కడుపు గొడవ తేలిగ్గానే తీరింది. డాక్టర్ నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రకి మార్చి, భోజనంతో పాటు వేసుకోమన్నారు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది పొద్దుటి రీడింగే. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, వాటి ప్రభావంతో లివర్ గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో అది అలాగే ఉండిపోతుంది. అంటే తప్పంతా రాత్రి తిండిది కాదు. అందుకే పస్తు పడుకోమన్న ఇంట్లోవాళ్ల సలహా పక్కన పెట్టాను.

ఒక్క రీడింగ్ చూసి ఇప్పుడు కంగారు పడను. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి వాటికి అంటుకున్న గ్లూకోజ్‌ను కొలిచే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష దాదాపు 2-3 నెలల షుగర్ సగటు చెబుతుంది. డాక్టర్ ముఖ్యంగా చూసేది దాన్నే. నాది తగ్గింది కానీ ఇంకా 7 శాతం లోపుకి రాలేదు.

తిన్నాక కాసేపు నడవడం మాత్రం మానను. కండరాలు గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి, తేడా మీటర్‌లోనే కనిపిస్తుంది. (బరువు తగ్గావా అని అడక్కండి, అది వేరే కథ.)

ఎవరో కంటి పరీక్ష గురించి చెప్పారు కదా, వెళ్లొచ్చాను. టైప్ 2 బయటపడకుండా ఏళ్లు గడిచిపోవచ్చు, ఆలోపే కళ్లు దెబ్బతినొచ్చు కాబట్టి తేలిన వెంటనే రెటీనా (కంటి లోపలి వెనక పొర) చూపించుకోవాలి. నాది బాగానే ఉంది, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. కిడ్నీ పరీక్ష వచ్చే వారం.