లాంగ్ ఫారం: దరఖాస్తూ కాదు, కోళ్లదీ కాదు

చిత్తూరు నుంచి ప్రశ్న:
జర్నలిజం పాఠంలో 'లాంగ్ ఫారం' అని వచ్చింది. మన పక్క ఫారం అంటే దరఖాస్తు, లేదంటే కోళ్లది. 'దీర్ఘ వ్యాసం' అని రాసేస్తే సరిపోతుందా? ఎన్ని మాటలు దాటితే ఆ పేరు పెట్టొచ్చు?

తిరుపతి నుంచి జవాబు:
వ్యాసం అనొద్దు సార్. వ్యాసంలో రాసేవాళ్ల వాదన ముందుంటుంది. ఇది తిరిగి, చూసి, కాగితాలు తీయించి రాసే రిపోర్టింగ్. 'కథనం' సరిగ్గా అతికే మాటే. కాకపోతే జిల్లా పేజీలో మూడు పేరాల బాక్సుకీ 'ప్రత్యేక కథనం' అని తగిలించి ఆ మాటను అరగదీశాం.

లెక్క అంటారా, ఇంగ్లీషు పత్రికల్లో రెండు వేల మాటలు దాటితే సాధారణంగా అలా పిలుస్తారు, గట్టి నియమమేం లేదు. ఆ అంకెను తెలుగుకి ఉన్నదున్నట్టు తేకండి. 'రాయలేకపోయారట' మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరు కావాలి.

అసలు పరీక్ష కత్తెర దగ్గర. 2025 సీజన్లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించింది. వార్తయితే ఆ 12 రూపాయలే మొదటి వాక్యం, అడుగున పాత ధరలు. రాత్రి పేజీ కట్టేవేళ యాడ్ వచ్చి పడితే సబ్ ఎడిటర్ చివరి రెండు పేరాలు లేపేస్తాడు. వార్తకి ఏమీ కాదు. లాంగ్ ఫారంలో అదే సంగతి ఒక ట్రాక్టరు లోడు వెంట నడుస్తుంది: కోత కూలి, టోకెను, గేటు ముందు క్యూ, ఎండకి కాయ మెత్తబడటం, తూకంలో తరుగు, అన్నీ పోను రైతు చేతిలో మిగిలింది ఎంత. ఆ ఆఖరి అంకె కోసమే పైదంతా. అక్కడ కోస్తే ఇక మిగిలేదేం లేదు.

శ్రీకాళహస్తి:
అదే అయిదు రోజులు వరసగా వేస్తే 'ధారావాహిక' అనొచ్చు కదన్నా?

తిరుపతి:
అది వేరే పని. ఏ రోజు ముక్క ఆ రోజు నిలబడాలి, నిన్నటిది చదవనివాళ్లకి కొంత మళ్లీ చెప్పాలి. హిరోషిమా అణుబాంబు మీద అమెరికా జర్నలిస్టు జాన్ హెర్సీ రాసిందీ మొదట నాలుగు భాగాలనే అనుకున్నారు. చివరికి 'న్యూయార్కర్' పత్రిక 1946 ఆగస్టు 31 సంచిక మొత్తం దానికే ఇచ్చేసింది. బాంబు నుంచి బతికి బయటపడ్డ ఆరుగురు మనుషుల కథ, సుమారు 30 వేల మాటలు. లాంగ్ ఫారం అన్న పేరు ఇంతగా నలిగింది మాత్రం 2010 ప్రాంతం నుంచే.

మదనపల్లె:
రాసేటప్పుడు ఎక్కడ చెడుతుందో కూడా చెప్పండి.

తిరుపతి:
నాలుగో పేరాలో! దృశ్యంతో బాగానే ఎత్తుకుంటారు. 'ఇదంతా ఇప్పుడెందుకు' అని చెప్పే పేరా రాదు. డెస్కులో నట్ గ్రాఫ్ అంటారు దాన్ని. 200 మాటల్లోపు అది పడకపోతే ఫోన్లో చదివేవాళ్ల బొటనవేలు ఆగదు. ఇంకోటి, నోట్సు పారబోయడం. పదిమందితో మాట్లాడితే పదిమంది పేర్లూ ఎక్కించేస్తారు. ముగ్గురిని ఉంచి, మిగతావాళ్లు చెప్పింది సమాచారంలో కలిపేయండి. లైన్లు కొలిచి డబ్బులిచ్చే చోట ఈ జబ్బు నయం కావడం కష్టమే అనుకోండి.

కలం పట్టకముందు తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా వేసుకోవాలి. రెండు తేదీల మధ్య ఖాళీ కనిపించిందా, అక్కడ కలవాల్సిన మనిషో తీయాల్సిన జీవోనో మిగిలిందన్నమాట. సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు మొదటిరోజే పడేయండి. జవాబుకి చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు.

చిత్తూరు:
యూట్యూబోళ్లు షార్ట్స్ కానిదంతా లాంగ్ ఫారమే అంటున్నారే?

తిరుపతి:
వాళ్లది నిమిషాల లెక్క. దీనికీ దానికీ పేరొక్కటే.

తెలుగులో 'సుదీర్ఘ కథనం' తప్పేం కాదు, కానీ సుదీర్ఘ ప్రసంగం గుర్తొచ్చి జనం పారిపోతారు. నా ఓటు 'నిండు కథనం'కి.

శ్రీకాళహస్తి:
బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయనే కదన్నా అర్థం!

తిరుపతి:
అయిపోయాయనడం అశుభమని ఇంట్లో వాడే క్రియ అది. నిండు చందమామ, నిండు సభ అన్నప్పుడు ఆ అర్థం రాదు. శీర్షిక పైన పట్టీలో 'నిండు కథనం' అని ధైర్యంగా వేసుకోండి. పాఠంలో మాత్రం పక్కనే 'లాంగ్ ఫారం' కూడా ఉంచండి సార్, పరీక్షలో ఆ మాటే అడుగుతారు.