పైలట్ల సంఘానికి అధ్యక్షుడు మారితే విమానం నడిపే ఖర్చు తగ్గుతుందా?

కర్నూలు_తండ్రి:
మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. పైలట్ అవుతానని పట్టుబట్టాడు. కమర్షియల్ లైసెన్సుకు ఎక్కడ అడిగినా 40-50 లక్షలు చెబుతున్నారు. కనీసం సొంతంగా నడుపుకునే ప్రైవేట్ లైసెన్సయినా తీసుకోవచ్చా అని చూస్తుంటే అమెరికాలోని ఏఓపీఏ సంగతి తెలిసింది. అది 1939లో పెట్టిన విమాన యజమానులు, పైలట్ల సంఘం. 2013 నుంచి అధ్యక్షుడిగా ఉన్న మార్క్ బేకర్ స్థానంలో 2025 జనవరిలో డారెన్ ప్లెజెన్స్ వచ్చారు. ఇలా నాయకుడు మారితే మామూలు జీతగాడికి విమానం అందుబాటులోకి వస్తుందా? మనకూ అంత గట్టి సంఘం ఉంటే లాభమేనా?

అనంత_మెకానిక్:
రాదన్నా. ఖర్చు అధ్యక్షుడి చేతిలో లేదు. చిన్న విమానాలకు రిపేర్లు చేసినవాడిగా చెప్తున్నా. శిక్షణకు ఎక్కువగా వాడే నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172 గంటకు 30-35 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అది బంకులో దొరికే పెట్రోలు కాదు, సీసం కలిసిన 100ఎల్‌ఎల్. 2022లో ఇండియన్ ఆయిల్ ఇక్కడే తయారుచేసి అమ్మేదాకా మనం దిగుమతి చేసుకున్నాం. ఇంజిన్‌ను దాదాపు 2000 గంటలకు పూర్తిగా విప్పి కట్టాలి, దానికి ప్రతి గంట మీదా కొంత పక్కన పెట్టాలి. ఇవి ఎగిరితేనే అయ్యే ఖర్చులు. ఇన్సూరెన్సు, హ్యాంగర్ అద్దె, ఏటేటా తనిఖీ మాత్రం విమానం షెడ్డులో ఉన్నా తప్పవు. ఏడాదికి 50 గంటలు తిరిగితే ఆ భారమంతా 50 గంటల మీదే పడుతుంది. 500 గంటలు తిరిగితే గంటకు పదో వంతే. అందుకే నడిపేవాళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లకు రేటు పెరుగుతుంది, రేటు పెరిగేకొద్దీ ఇంకొందరు మానేస్తారు. 1980లో అమెరికాలో ప్రైవేట్ లైసెన్సు ఉన్నవాళ్లు మూడున్నర లక్షలు. ఇప్పుడు అందులో దాదాపు సగమే.

కడప_సుబ్బు:
మెకానిక్ అన్నా, లెక్క సరే. సంఘం ఏం చేయలేదంటే మాత్రం ఒప్పుకోను. 2017లో బేసిక్‌మెడ్ వచ్చింది. అంతకుముందు ఒకసారి పైలట్ల మెడికల్ (ఆరోగ్య పరీక్ష) పాసైన ప్రైవేట్ పైలట్ ఇప్పుడు మామూలు డాక్టరు దగ్గర చూపించుకుని నడపొచ్చు. దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడింది ఈ సంఘమే. 2025లో స్పోర్ట్ పైలట్ (ప్రైవేట్ కన్నా చిన్న లైసెన్సు) నిబంధనలు కూడా సడలించారు. ఆ లైసెన్సుకు 20 గంటల శిక్షణ చాలు, ప్రైవేట్‌కు 40. ఇప్పుడు దాంతోనే ఒక ప్రయాణికుడిని ఎక్కించుకుని సెస్నా 172 నడపొచ్చు. శిక్షణ గంటలు సగానికి తగ్గడం ఖర్చు తగ్గడం కాదా?

అనంత_మెకానిక్:
ఆ నిబంధన ముసాయిదా 2023లోనే వచ్చింది సుబ్బూ, బేకర్ ఉన్నప్పుడే. కుర్చీలో ఎవరున్నారన్నది కాదు, ఏళ్లకేళ్లు వదలకుండా పట్టుకున్నారా అన్నదే లెక్క. పైగా నిబంధన మారినా రేటు దిగిరావాలని లేదు. ప్రమాదాల మీద వేసే కేసుల భయంతో సెస్నా కంపెనీ 1986లో చిన్న విమానాల తయారీ ఆపేసింది. 18 ఏళ్లు దాటిన విమానం మీద కంపెనీని కోర్టుకు లాగకుండా 1994లో చట్టం తెచ్చారు. తయారీ మళ్లీ మొదలైంది. అయినా ఈరోజు కొత్త 172 నాలుగు లక్షల డాలర్ల పైమాటే.

ఓర్వకల్లు_పక్కూరు:
అమెరికా మాట అలా ఉంచండి. మా ఊరి పక్క ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది, 2000 మీటర్ల రన్‌వే. రోజులో చాలాసేపు ఖాళీగానే కనిపిస్తుంది. మన సీమలో వానలు తక్కువ, ఎగరడానికి పనికొచ్చే రోజులు ఎక్కువ. మనలాంటివాళ్లు పదిమంది కలిసి ఒక విమానం కొనుక్కుని క్లబ్బు పెడితే? మెకానిక్ అన్న చెప్పిన గంటల లెక్క అక్కడే సరిపోతుంది కదా.

అనంత_మెకానిక్:
అదీ అసలు మాట. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వదిలేయాలి. వేడికి గాలి పలచబడి చిన్న విమానం సరిగ్గా పైకి లేవదు, కుదుపులూ ఎక్కువ. తెల్లవారుజామున, సాయంత్రం నడుపుకోవచ్చు. ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు తగ్గించమని, సాయంత్రాలు కూడా రన్‌వే ఇవ్వమని అడగడానికి ఒక సంఘం కావాలి. అందుకు ఒప్పుకుంటా.

కర్నూలు_తండ్రి:
క్లబ్బు పెడితే నా పేరు రాసుకోండి. ఈలోగా అబ్బాయి విషయంలో ముందు ఏం చేయమంటారు?

అనంత_మెకానిక్:
ఏ అకాడమీకీ రూపాయి కట్టొద్దన్నా. ముందు డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) క్లాస్ 2 మెడికల్, తర్వాత కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ చేయించు. కళ్లలో, చెవుల్లో ఏదైనా తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది.