షెడ్డు తలుపు నేలకి రాసుకుంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: పెరట్లో 8×10 అడుగుల చెక్క షెడ్డు కడుతున్నాను. తలుపు గొళ్ళెం వైపు కింది మూల గడపకి పట్టేస్తోంది. చిత్రిక పట్టేస్తే సరిపోతుందా?

జవాబు 1: వద్దండీ, కారణం తెలియకుండా చెక్క కోయకండి. ముందు ద్వారబంధం కర్ణాలు (ఎదురు మూల నుంచి మూలకి ఏటవాలు కొలతలు) రెండూ కొలవండి. తేడా వస్తే షెడ్డు ఒక మూల దిగి ఉండొచ్చు. వేర్లున్న పైమట్టి తీయకుండా షెడ్డు కింద ఆధారంగా దిమ్మలు పెడితే అంతే, వాన పడ్డాక కుంగుతుంది. ఆ మూలని జాకీతో మెల్లగా లేపి, దిమ్మ తీసి, మట్టి 6 అంగుళాలు తవ్వి, 4 అంగుళాల కంకర రెండు విడతల్లో దిమ్మిస చేసి, మళ్ళీ దిమ్మ పెట్టండి. మట్టం పట్టీతో సరిచూశాకే జాకీ దించండి.

జవాబు 2: కర్ణాలు సమానమైతే తప్పు తలుపుదే. వెనక ఏటవాలు చెక్క కింది కొన బందుల వైపు, పై కొన గొళ్ళెం వైపు ఉండాలి. అప్పుడే బరువు బందుల మీదకి దిగుతుంది. తిరగేసి కొడితే మేకులే బరువు మోయాలి, మూల జారుతుంది.

ప్రశ్న అడిగినవారు: కర్ణాలు సమానమే. చెక్కే తిరగబడింది!

జవాబు 2: తలుపు దించి, బల్లమీద పరిచి, మూలమట్టంతో సరిచేశాక బిగించండి. మేకులు కాదు, స్క్రూలు వాడండి.