తమ్ముడికి నోరు తెరుచుకోవట్లేదు, ఓఎస్ఎంఎఫ్ అంట, ఇంజెక్షన్లతో తగ్గుతుందా?

అందరికీ నమస్తే. మా తమ్ముడికి 28, కరీంనగర్‌లో లారీ నడుపుతాడు, గుట్కా అలవాటు చాన్నాళ్లుగా ఉంది. ఈమధ్య కూరలో కాస్త కారం తగిలినా నోరు మండిపోతోందని పెరుగన్నమే తింటున్నాడు, నోట్లో రెండు వేళ్లు కూడా పట్టట్లేదు. డెంటల్ డాక్టర్ చూసి ఓఎస్ఎంఎఫ్ (ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, నోటి లోపలి పొర గట్టిపడి బిగుసుకుపోయే జబ్బు) అన్నారు, బుగ్గల్లోకి వారం వారం ఇంజెక్షన్ చెయ్యాలంట, హయాలురోనిడేజ్ ప్లస్ ఏదో స్టెరాయిడ్. క్యాన్సర్‌కి ముందు స్టేజ్ అని కూడా అనేసరికి అమ్మ ఒకటే ఏడుపు. పూర్తిగా తగ్గుతుందా? గుట్కా మానేశాడు, ఇప్పుడు ఉత్త వక్కపొడే, అది పర్లేదు కదా?

డెంటల్ పీజీ
పర్లేదు కాదక్కా, ముందు ఆపాల్సింది అదే. ఈ జబ్బుకి అసలు కారణం వక్కే. అందులో ఉండే అరెకోలిన్ వల్ల బుగ్గ లోపల కొల్లాజెన్ అనే పీచు పోగులు పేరుకుపోతాయి, వక్కలో రాగి కూడా ఎక్కువ, అది ఆ పోగుల్ని గట్టిగా బిగించేస్తుంది, ఇక ఒంటికి వాటిని కరిగించుకోవడం చేతకాదు. పొగాకు కలవని వక్కని కూడా డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ 2004లోనే క్యాన్సర్ తెప్పించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది.
ఇంజెక్షన్ మామూలుగా 1500 యూనిట్ల హయాలురోనిడేజ్ (కణాల మధ్య జిగురు పదార్థాన్ని కరిగించే ఎంజైమ్), డెక్సామెథసోన్ లేదా ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తారు. ముందు మంట తగ్గుతుంది, తర్వాత నోరు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ తెరుచుకుంటుంది. అంతేగానీ బుగ్గలో బాగా ముదిరిన పోగుల పట్టీలు మాయమైపోవు. స్టెరాయిడ్ కాబట్టి షుగర్ ఒకసారి చూపించండి.

గోదారి గాలి
మా బాబాయ్‌కి ఇంజెక్షన్లతో బానే తెరుచుకుంది, కోర్సు అయిపోగానే ఎక్సర్‌సైజ్ వదిలేశాడు, మళ్లీ బిగుసుకుపోయింది. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు ఉంచాలి, అలవాటయ్యాక ఇంకో పుల్ల. నొప్పి ఉంటుంది, అయినా రోజూ చేయించండి.

చిన్నా_వైజాగ్
దీనికి లైకోపీన్ (టమాటాకి ఎరుపునిచ్చే పదార్థం) కూడా ఇస్తారు కదా, అంటే టమాటాయే కదా, రోజూ టమాటా పప్పు పెట్టండి, ఈ సూదులెందుకు

డెంటల్ పీజీ
తమ్ముడూ, మంటతో ఉన్న నోటికి టమాటా పులుపా 🙂 ట్రయల్స్‌లో ఇచ్చింది రోజుకి 16 మిల్లీగ్రాముల లైకోపీన్ క్యాప్సూల్స్, కొంత గుణం కనిపించింది నిజమే, పప్పుతో ఆ లెక్క కుదరదు. రక్తప్రసరణ కోసం పెంటాక్సిఫిలిన్ 400 మాత్ర కూడా కొందరు రాస్తారు, కడుపులో తిప్పుతుంది కాబట్టి తిన్నాకే వేసుకోవాలి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి.
అమ్మకి ఇది చెప్పండక్కా: కేరళలో ఎర్నాకుళం జిల్లాలో ఇలాంటి 66 మందిని 17 ఏళ్ల పాటు చూస్తే 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే ఎక్కువమందికి రాలేదు, అలాగని తేలిగ్గా తీసుకునే నంబరూ కాదు. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనపడినా, పుండు రెండు వారాలైనా మానకపోయినా బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి) వెళ్లాల్సిందే, మందులు వాడుతున్నాం కదా అని ఆగొద్దు.

అడిగినామె
థాంక్స్ అండి. వక్కపొడి ప్యాకెట్లు లారీలో ఇంకా ఎన్ని ఉన్నాయో, ఇవాళే తీసి పారేయిస్తా. లోడు దించి రాగానే మొదటి ఇంజెక్షన్‌కి తీసుకెళ్తున్నా, షుగర్ టెస్ట్ ముందు రోజే చేయిస్తే సరిపోతుందా?