తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని అదే రోజు మళ్ళీ ఆటకు దింపొచ్చా?

బ్రాడీపేట నాన్న (గుంటూరు):
మా వాడు ఎనిమిదో తరగతి. మొన్న స్కూళ్ళ మధ్య క్రికెట్ మ్యాచ్‌లో బ్యాటర్‌కు బాగా దగ్గరగా, షార్ట్ లెగ్‌లో నిలబడితే కార్క్ బాల్ చెవి పైన తగిలింది. హెల్మెట్ లేదు. కింద కూర్చుండిపోయాడట. నీళ్ళు తాగించి, స్ప్రే కొట్టి, "ఆడతావా?" అని అడిగారు. "ఆడతాను సార్" అన్నాడు. మిగతా ఓవర్లన్నీ ఫీల్డింగ్ చేసి, బ్యాటింగ్‌కు కూడా దిగాడు.

సాయంత్రం బండి మీద తీసుకొస్తుంటే, "నాన్నా, మనం గెలిచామా?" అని అడిగాడు. గెలిచారని చెప్పాను. శంకర్ విలాస్ సెంటర్ దాటేలోపు అదే మాట ఇంకో రెండుసార్లు అడిగాడు. నాకు గుండె జారిపోయింది. ఇంటికి రాగానే వాంతి. స్కాన్‌లో ఏమీ లేదు, కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి పనితీరు దెబ్బతినడం) అన్నారు డాక్టరు. రెండు వారాలు పుస్తకం తెరిస్తే తలనొప్పి, లైటు వేస్తే చిరాకు.

ఆ స్కూలునో, ఆ సార్‌నో తిట్టడానికి రాయడం లేదు. ఆయన పిల్లల్ని సొంత బిడ్డల్లా చూస్తారు. నా ప్రశ్న ఒక్కటే. తలకు గట్టి దెబ్బ తగిలాక తేడాగా కనిపించిన పిల్లవాడిని ఆ రోజు ఇక ఆడించకూడదని స్కూలు పోటీలన్నిటికీ నియమం పెట్టాలి. పిల్లవాడిని అడగకూడదు, కోచ్ ఆలోచించకూడదు, మేమూ బతిమాలకూడదు. దీనికి మీరు ఒప్పుకుంటారా?

పీఈటీ మాస్టారు (గుంటూరు జిల్లా):
బాబుకు తగ్గినందుకు సంతోషం అండీ. కానీ ఒప్పుకోలేను. పంతొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆటలో రోజుకో దెబ్బ తగులుతుంది. బంతి నుదుటికి రాసుకుపోయినా, కబడ్డీలో మోచేయి తగిలినా బయట కూర్చోబెట్టాలంటే జట్టు మిగలదు. అసలే చాలా స్కూళ్ళకు గ్రౌండ్ లేదు, అపార్ట్‌మెంట్‌లో తరగతులు నడుస్తున్నాయి. పిల్లల్ని ఆటకు పంపమని తల్లిదండ్రుల కాళ్ళావేళ్ళా పడుతున్నాం. "తల", "మెదడు" అని భయపెడితే ఆ నలుగురు కూడా రారు. హెల్మెట్ తప్పనిసరి చేయండి, నేనే ముందు సంతకం పెడతాను. అంతకుమించి వద్దు.

ఇంకో సంగతి. మా దగ్గర మే నెలలో క్యాంపు పెడితే సగం మందికి కళ్ళు తిరుగుతాయి. అది ఎండా, ఖాళీ కడుపా, దెబ్బా అని గ్రౌండ్ మధ్యలో నేనెలా తేల్చాలి?

హౌస్ సర్జన్ (విజయవాడ):
మాస్టారూ, తేల్చలేరు కాబట్టే ఆ నియమం కావాలి. గ్రౌండ్‌లో డాక్టరు ఉన్నా ఐదు నిమిషాల్లో తేల్చలేరు. కొందరికి లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి.

చాలామందికి తెలియనిది ఇది. కంకషన్ అయినవాళ్ళలో ఎక్కువమంది స్పృహ తప్పరు. సీటీ స్కాన్‌లో కూడా మామూలుగా ఏమీ కనపడదు, ఎందుకంటే స్కాన్ వెతికేది రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని. ఇక్కడ మెదడు కుదుపుకు గురై కణాల పనితీరు దెబ్బతింటుంది. కోలుకోవడానికి వాటికి ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్త సరఫరా తగ్గుతుంది. ఆ స్థితిలో రెండో దెబ్బ తగిలితే అరుదుగానైనా మెదడు వాచి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. అలా పోయినవాళ్ళలో ఎక్కువమంది చిన్న వయసువాళ్ళే.

హెల్మెట్ తప్పకుండా కావాలి, పుర్రె పగలకుండా కాపాడుతుంది. కానీ లోపల మెదడు కదలడాన్ని పూర్తిగా ఆపలేదు. హెల్మెట్ ఉంది కదా అని దెబ్బ తగిలిన పిల్లవాడిని కొనసాగించడం తప్పు.

కబడ్డీ పాత ఆటగాడు (తెనాలి):
నేను మాస్టారి పక్షమే. నేను మట్టి కోర్టులో ఆడాను. తలలు ఢీకొని కళ్ళు బైర్లు కమ్మితే, ముఖం కడుక్కుని మళ్ళీ కూతకు వెళ్ళాను. అలా ఆడే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాను. పేదింటి పిల్లలకు జిల్లా సెలెక్షన్ రోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఆ రోజు బయట కూర్చోబెడితే వాడి ఏడాది పోయినట్టే. ఆ నష్టం ఎవరిస్తారు?

పటమట అమ్మ (విజయవాడ):
అన్నగారూ, మీరు చెప్పిన సెలెక్షన్ రోజే మా పాపకు అదే జరిగింది. రైడర్‌ను పట్టబోయి ఇద్దరు డిఫెండర్ల తలలు ఢీకొన్నాయి, అందులో ఒకరు మా పాప. కళ్ళు మసకగా ఉన్నాయని ఎవరికీ చెప్పలేదు. చెబితే తీసేస్తారని భయం. తర్వాతి రైడ్‌లో రైడర్ ఎటు వస్తోందో తెలియక నిలబడిపోయింది. సెలెక్ట్ కాలేదు. తనే దాచింది కాబట్టి అక్కడున్న టీచర్లను నేనేమీ అనను. కానీ పదమూడేళ్ళ పిల్లను "బాగానే ఉన్నావా?" అని అడిగితే ఏం చెబుతుంది? ఆ జవాబు మీద ఆధారపడకండి.

ఇంటికొచ్చాక మా అత్తగారు నుదురు చూసి, "బొప్పి కట్టిందిగా, దెబ్బంతా పైకి వచ్చేసింది, భయం లేదు" అన్నారు. నేనూ నమ్మాను. రాత్రి తల పట్టుకుని ఏడ్చేదాకా ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. బొప్పికీ లోపలి దెబ్బకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాక తెలిసింది.

బ్రాడీపేట నాన్న:
అమ్మా, మీరు రాసింది చదివి మా వాడే గుర్తొచ్చాడు.

మాస్టారూ, ఒక విషయం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో పదమూడేళ్ళ కుర్రాడు స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలినా అదే మ్యాచ్‌లో మళ్ళీ దిగాడు. ఆట అయ్యాక కుప్పకూలాడు. ప్రాణం దక్కింది కానీ మళ్ళీ మాట, నడక నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. 2009లో అక్కడ చట్టం వచ్చింది. కంకషన్ అనుమానం వస్తే వెంటనే బయటికి, రాతపూర్వకంగా వైద్య అనుమతి ఉంటేనే మళ్ళీ లోపలికి. తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. అక్కడ పిల్లలు ఆడడం మానేయలేదు.

మన క్రికెటర్ రమణ్ లాంబా సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో, మా వాడు నిలబడిన షార్ట్ లెగ్‌లోనే, హెల్మెట్ లేకుండా. దెబ్బ తగిలాక ఆయన నడుచుకుంటూనే గ్రౌండ్ బయటికి వెళ్ళారు. మూడు రోజులకు చనిపోయారు. నడవగలుగుతున్నాడు కదా అనే ధైర్యం పెట్టుకోవద్దని నేనంటున్నది అందుకే.

పీఈటీ మాస్టారు:
అక్కడ డాక్టర్లు, ట్రైనర్లు ఉంటారండీ. ఇక్కడ ఐదు వందల మందికి నేనొక్కడిని. వైద్య అనుమతి కాగితం కోసం పల్లెటూరి తండ్రి ఎక్కడ తిరుగుతాడు?

హౌస్ సర్జన్:
రెండో సగం కష్టమే, ఒప్పుకుంటాను. మొదటి సగానికి డాక్టరు అక్కర్లేదు సర్. బయట కూర్చోబెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. నుదుటికి రాసుకుపోయిన ప్రతి బంతికీ కాదు. దెబ్బ తర్వాత తూలినా, అయోమయంగా చూసినా, తలనొప్పి, వికారం అన్నా, అడిగినదానికి ఆలస్యంగా జవాబిచ్చినా ఆ రోజుకు ఆట ఆపాలి. ఎండ వల్లో దెబ్బ వల్లో తెలియకపోతే అప్పుడు కూడా ఆపాలి. ఎండ దెబ్బ అయినా నీడలో కూర్చోబెట్టాల్సిందే కదా. వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మెడ నొప్పి, చేతులు తిమ్మిర్లు ఉన్నా కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత మెల్లగా చదువు, నడక, పరుగు. ఢీకొనే ఆట అన్నిటికన్నా చివర. మామూలు స్థాయి ఆటగాళ్ళెవరూ 21 రోజుల్లోపు పోటీకి దిగకూడదని బ్రిటన్ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది.

కబడ్డీ పాత ఆటగాడు:
డాక్టరు గారు చెప్పింది అర్థమైంది. ఆ పాప సెలెక్షన్ మాటే నన్ను ఆలోచింపజేసింది. తల తిరుగుతుంటే పట్టు కుదరదన్నది నిజమే, నాకూ తెలుసు. అయినా నా ప్రశ్న నాకే ఉంది. దెబ్బ తగిలిన పిల్లకు సెలెక్షన్ ఇంకో రోజు పెట్టాలి. అది రాయకుండా మొదటిది మాత్రమే రాస్తే పిల్లలు దెబ్బను దాస్తూనే ఉంటారు.

బ్రాడీపేట నాన్న:
ఈ మాట నాకు తట్టలేదు అన్నగారూ. రెండూ కలిపే అడగాలి. క్రికెట్‌లో కూడా అంతే. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 2019 ఆగస్టు నుంచి కంకషన్ అయిన ఆటగాడి బదులు ఇంకొకరు బ్యాటింగ్, బౌలింగ్ చేయొచ్చు. స్కూలు పోటీల్లోనూ అలా ఇస్తే కోచ్‌కు జట్టు తగ్గిపోతుందన్న టెన్షన్ ఉండదు.

పీఈటీ మాస్టారు:
బదులు ఆటగాడిని ఇస్తే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. కాగితం సంగతి మాత్రం వదలను. ఏ పీహెచ్‌సీ డాక్టరు సంతకమైనా చెల్లాలి, ఫీజు లేకుండా. శనివారం మా స్కూల్లో హౌస్ మ్యాచ్‌లు. దెబ్బ చెప్పినవాడిని జట్టు నుంచి తీసేయనని, వాడి చోటు వాడికే ఉంటుందని టాస్‌కు ముందే పిల్లలందరికీ చెబుతాను. ఎంతమంది నోరు విప్పుతారో ఆదివారం ఇక్కడే రాస్తాను.